కరెంటు, అయస్కాంతం, నా కుడిచెయ్యి

కలకత్తా వైపు మా ఊళ్ళో, గోల్‌బజార్ చేపల వరసలో జారిపడి కుడి దండచెయ్యి ఎముక విరిగిన మర్నాడు, మా ఆయన దానియేలు టీ గ్లాసు అందించారు. కట్టులోంచే కుడిచెయ్యి చాచి అందుకోబోతే మణికట్టు వేలాడిపోయింది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, తెరుచుకోవడం లేదు.

"ఏటైనాదే? సరిగ్గా పట్టుకో," అన్నారు.

"సెయ్యి లెగట్లేదండీ."

ఆస్పత్రిలో డాక్టర్ గారు బొటనవేలు ఎత్తమన్నారు. ఎత్తలేకపోయాను. "రిస్ట్ డ్రాప్, అంటే మణికట్టు వేలాడిపోవడం. దాన్ని ఎత్తే నరం, రేడియల్ నెర్వ్, నలిగింది, తెగినట్టు లేదు. ఎముక ముందు అతుక్కుంటుంది, నరానికి నెలలు పడుతుంది," అన్నారు.

మా తెలుగు చర్చిలో ఇరవై ఏళ్ళుగా హార్మోనియం నాదే. మెట్టు నొక్కడం కంటే వదలడం పెద్ద పని అని అప్పుడే తెలిసింది. నొక్కిన వేలు లేవదు, స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి మోగుతూనే ఉంటాయి. ఆదివారాలు మేరీ అనే అమ్మాయి కీబోర్డు వాయించేది. బాగా వాయించేది. నేను ఆడవాళ్ళ వరసలో కూర్చుని, కొంగు కింద ఎడమచేత్తో పాట మొత్తం నొక్కుకునేదాన్ని.

నెర్వ్ కండక్షన్ టెస్టులో నరంలో కొంత ప్రాణం ఉందని తేలింది. మా ఊళ్ళోనే తాల్‌బగీచాలో ఫిజియోథెరపీ చేసే సుమనా దీదీ దగ్గరికి పంపారు. ఆమె ముంజేతికి జెల్ రాసి రెండు ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టింది. ముందు చీమలు కుట్టినట్టు, తర్వాత సూదులు గుచ్చినట్టు అనిపించింది. ఉన్నట్టుండి మణికట్టు పైకి లేచింది. ఎన్నో వారాల తర్వాత నా చెయ్యి లేవడం చూసి ఏడ్చేశాను. దీదీ స్విచ్ ఆపగానే చెయ్యి పడిపోయింది.

అయస్కాంతంతో చేసే మాగ్నెటిక్ స్టిమ్యులేషన్ కూడా చూద్దామని కలకత్తా పంపారు. అక్కడ గాజులు, ఉంగరం తీయించి, ఒంట్లో పేస్‌మేకర్ గానీ లోహం గానీ ఉందేమో అడిగారు. ఎనిమిది అంకెలా ఉన్న కాయిల్‌ను రవిక మీదుగానే చేతికి ఆనించారు. టప్‌మని చప్పుడు. చర్మం మీద మంట లేదు కానీ ముంజెయ్యంతా ఎగిరిపడింది.

"రెండిట్లో ఏది మంచిది?" అని అడిగాను.

అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. "కరెంటు చర్మం దాటుకుని పోవాలి, అందుకే కుడుతుంది. అయితే కావలసిన కండరాన్నే పట్టుకోవచ్చు. అయస్కాంతం లోపలే కరెంటు పుట్టిస్తుంది, నొప్పి తక్కువ, లోతుకు పోతుంది. కానీ పక్క కండరాలనూ కదిలిస్తుంది. రెండూ కండరాన్ని ఆడించడానికే. నరం మాత్రం తన నిదానంలో తను పెరగాలి. మీరు రోజూ వెళ్ళగలిగేదే మీకు మంచిది."

రోజూ వెళ్ళగలిగింది దీదీ దగ్గరికే.

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలయ్యేసరికి నాకు ఓపిక పోయింది. ఎవరికీ చెప్పకుండా చిన్న మెషీన్ తెప్పించుకుని, ఇంట్లోనే ప్యాడ్లు దీదీ పెట్టే చోటు కంటే కిందకి, మణికట్టు దగ్గర పెట్టుకుని కరెంటు పెంచాను. ఆ చోట స్పర్శ లేదన్న సంగతి ఆలోచించలేదు. ప్యాడ్ తీస్తే కింద పెద్ద బొబ్బ.

"ఆగలేపోనావా?" అన్నారు దానియేలు, మందు రాస్తూ.

"ఆగలేపోనానండీ. పాటలు వినపడతంటే సెయ్యి ఊరుకోట్లేదు."

మర్నాడు దీదీకి చూపించాం. పుండు మానేదాకా ఆమె ట్రీట్‌మెంట్ ఆపేసింది. ఆ క్రిస్మస్ అలాగే వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున, ప్యాడ్లు పెట్టకముందే మణికట్టు కొంచెం లేచింది. దీదీ చేతిలోని జెల్ సీసా పక్కన పెట్టేసింది. "అబార్, మాశీ," అంది బెంగాలీలో, మళ్ళీ చెయ్యి పిన్నీ అని. మళ్ళీ లేచింది.

ఇప్పుడు మణికట్టు నిలుస్తుంది. వేళ్ళు లేస్తాయి, బొటనవేలు మాత్రం వెనకబడుతుంది. నిదానం పాటలు నేను వాయిస్తాను, వేగం పాటలు మేరీ వాయిస్తుంది. అవి వింటూ ఇప్పటికీ కొంగు కింద ఎడమచేత్తో నొక్కుకుంటూనే ఉంటాను.

ఇలాంటి దెబ్బ తగిలినవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ప్యాడ్ పెట్టే ముందు కళ్ళు మూసుకుని, ఆ చోట ఎవరిచేతనైనా తాకించుకోండి. తాకినట్టు తెలియకపోతే, ఎంత ఆశగా ఉన్నా, సొంతంగా కరెంటు పెట్టుకోకండి.