పసుపు పెట్టెకు మొక్కిన జుట్టు

దగ్గరకు జరిగి కూర్చోండి. ఇది కేకేసి చెప్పే కథ కాదు, నా గొంతూ మునుపటిలా లేదు. మొన్న మా మనవరాలు ఫోను చూస్తూ ఆగి, "అమ్మమ్మా, ఇంగిలీసోల్ల కాలంలో ఈ ఊర్లో మన కూలోల్లకి సెపరేట్‌గా ఒక అసెంబ్లీ సీటుండేదంట కదా. మ్యాప్‌లో ఎక్కడా నేదేటి?" అంది. నేను కూర కలుపుతున్న గరిటె పక్కన పెట్టాను. మ్యాపులో ఎలా ఉంటుందమ్మా? ఆ సీటుకు నేలే లేదు. మిగతా సీట్లకు వీధులూ వాగులూ పొలిమేరలు. దీనికి మనుషులే పొలిమేరలు. రేవులో మూటలు మోసిన మనవాళ్లు ఎక్కడ చాప పరిస్తే అంతవరకూ ఆ సీటు. నేను బడికి వెళ్లింది తక్కువ, చదివి చెప్పడం లేదు. మా నాన్నను కన్న మా మామ్మ చెప్పిందీ, నా కళ్లతో చూసిందీ కలిపి చెబుతున్నాను.

మా తాత ఈ బర్మా దేశంలో, సేక్కాన్ రేవులో కూలీ. ఓటు రోజున మేస్త్రీ తన జట్టునంతా స్నానం చేయించి మరీ ఒక గోదాములోకి తీసుకెళ్లాడట. పోటీలో ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కొక్క రంగు పెట్టె. మనది పసుపు పెట్టె అని మేస్త్రీ ముందే చెప్పాడు. తెర వెనకకు ఒక్కడే వెళ్లాలి, మాట్లాడకూడదు. లోపల తాళం వేసిన పెట్టె, పైన సన్నని చీలిక. శ్రీకాకుళం పక్కనుంచి ఓడెక్కి వచ్చిన మనిషికి తాళమూ చీలికా ఉన్న పసుపు పెట్టె అంటే ఏమిటి? అమ్మవారి హుండీ. అప్పటికే ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు, మామ్మ మళ్లీ కడుపుతో ఉంది. తాత చెప్పులు విడిచి, కాగితం వేసి, దండం పెట్టుకున్నాడు. "తల్లీ, ఈ బిడ్డ నిలబడితే పుట్టెంట్రుకలు నీ ముందే తీయిస్తాను." బయటికొచ్చి చెబితే జట్టులో ఎవరూ నవ్వలేదట. ఇద్దరు ముగ్గురు తామూ ఏదో ఒకటి మొక్కుకునే వచ్చారట.

బిడ్డ నిలిచాడు. ఆయనే మా నాన్న. జుట్టు తీయించాలంటే మళ్లీ ఓట్లు రావాలి, పెట్టె రావాలి. ఓట్లకంటే ముందు బాంబులు వచ్చాయి. జట్టు జట్టంతా కొండల దారిన ఇండియాకు నడక మొదలుపెట్టింది. మామ్మ జ్వరంతో లేవలేక పసివాడితో ఇక్కడే ఉండిపోయింది. "ఓడలు తిరగ్గానే వస్తాను" అని వెళ్లిన తాత రాలేదు. దారిలో కలరాకు పోయినవాళ్లలో ఆయనొకడని తరువాత తెలిసింది. యుద్ధం ముగిసింది, తెల్లవాళ్లు పోయారు, వాళ్లతోపాటు ఆ సీటూ పోయింది. మొక్కు మాత్రం మా నాన్న నెత్తిమీద పెరుగుతూనే ఉంది.

నాకు ఊహ తెలిసేనాటికి నాన్నకు ముప్పై దాటాయి. నడుము కిందికి జుట్టు. మామ్మ రోజూ దువ్వి ముడి వేసేది. పాతకాలపు బర్మా పెద్దమనిషిలా ఉన్నాడని వీధిలో ముసలివాళ్లు ముచ్చటపడేవారు, మా అమ్మ మాత్రం కొబ్బరినూనె సీసా చూసి నిట్టూర్చేది. ఏటిమీద గాలి మేముండే తాకేటా పేటవైపు తిరిగితే చాలు, మామ్మ కొడుకు తలమీద తువ్వాలు కప్పేది. "దారిలో పోయిన జట్టోల్లొచ్చినారు. మొక్కడగడానికే వొచ్చినారు" అనేది. నాకు గాలి వినబడేది, ఆమెకు అడుగులు వినబడేవి. కొన్నాళ్లకు నాకూ అడుగులే వినబడ్డాయి.

నాన్న పని ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో. ఒకరోజు ముడి ఊడి జుట్టు మిషను బెల్టులో పడింది. పక్కవాడు మిషను ఆపాడు కాబట్టి ఒక గుప్పెడు జుట్టుతో పోయింది. "సోమవారానికి ఆ జుట్టయినా పోవాలి, నువ్వయినా పోవాలి" అన్నాడు పైఅధికారి. నాన్న కత్తెర తెచ్చి మామ్మ ముందు పెట్టాడు. మామ్మ దాన్ని విసిరికొట్టింది. "ఉజ్జోగం పోతే గెంజి తాగుదుం. మొక్కు తప్పితే నువ్వు పోతావురా బావూ. ఇద్దర్ని పూడిసి వొచ్చినాను!"

మరునాడు పసుపూ కొబ్బరికాయా పళ్లెంలో పెట్టి, నన్ను వెంటబెట్టుకుని సేక్కాన్ వెళ్లింది. గోదాము ఉంది. కాపలా మనిషి ఓపిగ్గా విని, "అమేజీ, పెద్దమ్మా, లోపల బియ్యం మూటలున్నాయి, దేవుళ్లు లేరు" అన్నాడు బర్మా భాషలో. మామ్మ పళ్లెం దించకుండానే వెనుదిరిగింది.

అక్కడినుంచి నేరుగా, మేము జట్టు తాత అని పిలిచే ముసలాయన గుమ్మానికి నడిచింది. ఆయన మా తాత జట్టులోవాడే. దారిలో చావక వెనక్కి తిరిగి వచ్చిన ఒకే ఒక్కడు. మా వెనక వీధిలో చుట్టలు చుట్టుకుని బతికేవాడు.

"ఏటి వొదినా, గుంటడికి జడెయ్యడం అయిపోనాదా?" అన్నాడు.

"నవ్వకు మరిదీ. పెట్టి నేదు. మొక్కెక్కడ తీర్సను?"

ఆయన చుట్ట పక్కన పెట్టాడు. "పెట్టిలో ఏటున్నాదే? సెక్క. మేవేసిన కాయితాలు. ఆ సీటంటే మేవే. నడిసెల్లిపోనాది, దారంట రాలిపోనాది. మిగిలినోన్ని నాను."

మామ్మ పళ్లెం ఆయన కాళ్ల ముందు దించింది. "అయితే నీ ముందే."

"సరే. పాయసం పల్సగా వొండు, నాకు పల్లు నేవు."

ఆదివారం పొద్దున ఆయన గుమ్మంలో ముప్పై ఏళ్లు దాటిన మా నాన్న పసిపిల్లాడిలా ముసలాయన ఒళ్లో తల పెట్టాడు. మాకు నవ్వొచ్చింది. మంగలి కత్తి ఎత్తగానే జట్టు తాత ఆపాడు. రేవులో పొద్దున్నే అందరి పేర్లూ పిలిచి, అందరూ "ఉన్నా" అన్నాకే మొదటి మూట ముట్టేవారట. "జట్టు నిండకండా కత్తి ముట్టకు" అని, ఒక్కొక్క పేరూ పిలవడం మొదలుపెట్టాడు. ప్రతి పేరు తరువాతా, మనిషి పలకడానికి పట్టేంతసేపు ఆగాడు. నవ్వులు ఎప్పుడు పోయాయో తెలియదు. ప్రతి పేరుకూ మామ్మ కొంచెం పక్కకు జరిగింది, ఎవరికో చోటిస్తున్నట్టు. నేను అమ్మ చీర పట్టుకున్నాను.

చివరికి మా తాత పేరు పిలిచాడు. మామ్మ నోట ఏనాడూ రాని పేరది, మా ఇంట్లో అంత గట్టిగా ఎవరూ అనని పేరు. ఆయన ఆగాడు. అందరం ఆగాం.

"ఉన్నా" అన్నాడు మా నాన్న, ఒళ్లోంచి లేవకుండానే. ఆ గొంతు నేనెరిగిన గొంతు కాదు. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు కొయ్యి" అన్నాడు జట్టు తాత.

సోమవారం నాన్న గుండుతో ఇన్సేన్ రైలెక్కాడు. మామ్మ ఆ తరువాత ఎన్ని గాలులు వీచినా తువ్వాలు వెతకలేదు. జట్టు తాత పోయిన రోజున ఆ సీటు నిజంగా ఖాళీ అయిందని నేననుకున్నాను. కాలం గద్దెల్నీ గోదాముల్నీ తనకోసం తీసుకుంటుంది. పేర్లను మాత్రం, మోయమని, ఎవరో ఒకరి నోట్లో వదిలి వెళుతుంది. మీ ఇంట్లో ఏ పేరు పిలిచినా పలికే గొంతు ఉండాలి నాయనా, మీ పిల్లల తలలు చల్లగా ఉండాలి.