వేళ్లతో తిరిగిన బోల్టు

మా పాత కారు ఇంజను పాడైంది నా భార్య వల్ల కాదు, నా వల్ల. ఈ మాట ఏడేళ్ల కిందట సాతంరాయి దగ్గర రోడ్డు పక్కనే చెప్పాల్సింది. చెప్పలేదు.

మాది ఎయిర్‌పోర్టు దగ్గర, తొండుపల్లి వైపు కాలనీ. బస్సెక్కాలంటే హైవే దాకా నడవాలి. కారు కొన్నప్పటి నుంచి చిన్న పనులన్నీ నేనే చేసేవాణ్ణి. ఎయిర్ ఫిల్టరు దులపడం, బ్యాటరీ మొనల మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడగడం, ఆయిలు మార్చడం. మెకానిక్ చేయి పడకుండా నడుపుతున్నానని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి.

ఆ ఆదివారం ముందు చక్రాలను చెక్క దిమ్మెల మీదికి ఎక్కించి, కిందికి దూరి, పాత ఆయిలు తొట్టిలోకి వదిలాను. ఆయిలు పోయే రంధ్రానికి బోల్టు పెట్టి వేళ్లతో తిప్పాను. ఇక పానాతో బిగించాలి. అంతలో నీళ్ల ట్యాంకరు వచ్చింది. మా వీధిలో ట్యాంకరు వస్తే చేతిలో ఏమున్నా వదిలేసి పోవాల్సిందే, లేకపోతే పైపు పక్కింటి సంపులో పడుతుంది. నీళ్లు పట్టి వచ్చాక బోల్టు బిగించేశాననే అనుకున్నాను. కొత్త ఆయిలు పోసి కారు దించాను.

రెండు రోజులకు కారు కింద నేల మీద నల్లటి మరక కనిపించింది. దాని మీద అట్టముక్క వేశాను. వచ్చే ఆదివారం చూద్దామనుకున్నాను.

శనివారం వచ్చింది. జల్‌పల్లిలో ఉండే తన అక్కను మోకాళ్ల నొప్పికి దవాఖానకు తీసుకుపోవడానికి నా భార్య కారు తీసింది. ఆమె డ్రైవింగు నేర్చుకుని అప్పటికి ఏడాది. సాతంరాయి దగ్గర స్టీరింగు వెనక, ఆయిలు తగ్గిందని చెప్పే ఎర్రదీపం వెలిగింది. పక్కకు తీసి ఆపేలోపే ఇంజను పట్టేసింది.

నేనూ మా తమ్ముడూ ఆటోలో వెళ్లేసరికి ఆమె పంక్చరు దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. నేను కారు కిందికి దూరి బోల్టు పట్టుకున్నాను. వేళ్లతో తిరిగింది. ఆయిలంతా అక్కడి నుంచే కారిపోయింది. చడీచప్పుడు లేకుండా డిక్కీలోని పానా తీసి బిగించేశాను.

"వదినా, గా ఎర్రలైటు పెండ్లింటి సీరియల్ లైటనుకున్నవా ఏంది?" అంటున్నాడు తమ్ముడు.

"వెలగంగనే ఆపిన. లైటొచ్చుడు, బండి ఆగుడు ఒక్కసారే అయినయి."

"గట్లెట్లయితది? ఎప్పటిసంది వెలుగుతుందో, నువ్వు అప్పుడు చూసినవ్."

ఆమె నా వైపు చూసింది. నేను చేతులు తుడుచుకుంటూ "జర చూసుకోవాలె" అన్నాను. ఇంటికొచ్చాక అట్టముక్కను మడిచి చెత్తలో వేశాను.

ఇంజను బాగుపడడానికి నెల పట్టింది. ఆమె మళ్లీ తాళం ముట్టలేదు. వాళ్లక్క దగ్గరికి పోవాలంటే నాకు తీరిక దొరకాలి. తయారై, సంచి పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. "ఇయ్యాల కాదు" అని నేనంటే లోపలికి పోయి చీర మార్చుకునేది. ఇంటి మీదుగా విమానాలు పోతూనే ఉండేవి. సీరియల్ లైట్ల మాట మా తమ్ముడు ప్రతి ఫంక్షన్‌లోనూ చెప్పేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను.

ఆయిలు మార్చినప్పుడల్లా ఆమే టార్చి పట్టుకునేది. "ఎన్నిసార్లు బిగిస్తవ్ గా ఒక్క బోల్టును?" అనేది. కారు కింద ఛాతీకీ ఇనుముకీ మధ్య జానెడు చోటు. తల ఎత్తలేను, పక్కకు తిరగలేను. కనిపించేవి ఆమె పాదాలే. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. బయటికి వచ్చేసరికి మింగేసేవాణ్ణి.

మొన్నటి ఆదివారం అలాగే కింద ఉన్నాను. పద్దెనిమిది నిండిన మా అమ్మాయి వచ్చి, "డాడీ, నాకు కారు నేర్పు" అంది.

నేను జవాబిచ్చేలోపే వాళ్లమ్మ అంది: "వద్దు బిడ్డా. మనతోని కాదు. నా లెక్కనే లైటు చూడవు, ఇంజన్ ఖరాబ్ చేస్తవ్."

కోపంగా కాదు, కూరలో ఉప్పు చాలదని చెప్పినంత మామూలుగా అంది. ఏడేళ్లలో ఆమె కూడా నమ్మేసింది. ఇప్పుడు పిల్లకు నేర్పుతోంది.

పాక్కుంటూ బయటికి వచ్చి, నేల మీదే కూర్చున్నాను.

"గా బోల్టు నేను బిగించలేదు" అన్నాను. "ట్యాంకరొస్తే ఉరికిన, మర్చిపోయిన. సాతంరాయి కాడ కిందికి దూరినప్పుడే తెలిసింది, వేళ్లతోని తిరిగింది. నువ్వు లైటు చూసినవ్, ఆపినవ్. నీ తప్పు జరంత గూడ లేదు."

ఆమె టార్చి ఆర్పింది. "మరి గప్పుడే ఎందుకు చెప్పలె?" అంది.

"తమ్ముని ముందర ఇజ్జత్ పోతదనుకున్న."

"మరి నాది?"

అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. అమ్మాయి కూడా వినాలనే గట్టిగా చెప్పాను.

"నీది తీసి నాది కాపాడుకున్న. తప్పయింది. తమ్మునికి గూడ నీ ముందరనే చెప్త. నన్ను మాఫ్ చెయ్యి."