గొట్టం వేసేటప్పుడు మాట్లాడొద్దు

కడపలో నేను మత్తు ఇచ్చే ఆపరేషన్ థియేటర్లో ఒక పద్ధతి ఉంది. రోగి గొంతులోకి గాలి గొట్టం వేసేటప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు. "మేడం మూగనోము పట్టినారు, ఉండండప్పా" అని సిస్టర్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కళ్లు మూసుకున్న ప్రతి ముఖం వెనకా ఒకామె మేలుకొని నా మాటలు వింటోందని నాకు ఇప్పటికీ భయం. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

కర్నూలులో పీజీ చదివేటప్పుడు నా థీసిస్ రెండు మత్తుమందుల పోలిక. ఒకటి పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్, రెండోది పాతకాలపు థయోపెంటోన్. ఏది ఇస్తే దవడ బాగా వదులై, దగ్గు రాకుండా గొట్టం దిగుతుందో చూసి మార్కులు వేయాలి. ఎవరికి ఏ మందో అంటించిన కవరు చించితేనే తెలిసేది. ఆమెకు థయోపెంటోన్ వచ్చింది.

ఆదోని వైపు పల్లెలో కూలికి పోయే మనిషి. రొమ్ములో గడ్డ తీయాలి. మత్తుమందూ, ఒళ్లు కదలకుండా చేసే మందూ ఎక్కించి నోరు తెరవబోతే దవడ సగమే వదులైంది. "ఇంకా బిగుసుకునే ఉంది, రెండు మార్కులు వేసుకో" అన్నాను పక్కనున్న జూనియర్‌తో. గొట్టం దిగలేదు. కాసేపటికి ఇంకొంచెం మత్తుమందిచ్చి మళ్లీ తోశాను. ఈసారి దిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది.

సాయంత్రం వార్డుకు పోయి నా ఫారంలోని ఆఖరి ప్రశ్న అడిగాను. మత్తులో జరిగింది ఏమైనా గుర్తుందా?

"ఎందుకు లేదమ్మా" అందామె. "ఇంగా బిగుసుకోనే ఉండాది, రెండు మార్కులెయ్యి అంటివి. వద్దు తల్లీ, నేను మేలుకోనే ఉండా అని అరుద్దామంటే నోరు రాల్యా. శానా బయమాయ."

అప్పటిదాకా ఆ గడిలో అందరికీ 'లేదు' అనే రాసి ఉంది. 'ఉంది' అని రాస్తే, వెంటనే మందు ఇవ్వకుండా మార్కుల గోలలో పడ్డానని తేలిపోతుంది. ప్రొఫెసర్ తోలు తీస్తారు, పరీక్షకు పంపరేమో కూడా. నేను పిరికిదాన్ని. 'లేదు' అని రాశాను.

ఆమె పెన్ను వైపే చూస్తోంది. చదువు రాదు.

"నేను చెప్పిందంతా రాసినావామ్మా?"

"రాశాను."

"మంచిపని చేస్తివి తల్లీ. ఇంగొకరికి ఇట్ల కాకూడదు."

నేను చాచిన ఇంకు ప్యాడు మీద బొటనవేలు అద్ది, ఆ 'లేదు' కిందే గట్టిగా ఒత్తింది.