పొడిబట్టల బెంగ

ఆ రోజుల్లో పిల్లల పెంపకంలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. కడుపుతో ఉండగా ఫోన్లో వీడియోలన్నీ చూసి మా ఆయనకు పాఠాలు కూడా చెప్పాను (పాపం, నోరెత్తకుండా విన్నాడు). తీరా పిల్ల పుట్టి, ఇబ్రహీంపట్నంలో మా తల్లిగారింటికి వచ్చాక తెలిసింది, సీసాకైతే గీతలుంటాయి గానీ తల్లికి ఉండవని. పిల్ల ఎంత తాగిందో ఎవరికెరుక?

పిల్ల ఏడిస్తే చాలు, తీర్పులు మొదలయ్యేవి. నాదర్‌గుల్ నుంచి చూడ్డానికొచ్చిన మా అత్త "పాలు సాల్తలేవు, డబ్బా పట్టున్రి" అని, వెంట తెచ్చిన పాలపొడి డబ్బా అలమరలో పెట్టి మరీ వెళ్లింది. మా అమ్మ ఊరుకుంటుందా? "నా బిడ్డకు పాలెందుకు తక్కువైతయ్?" అంటూ పూటపూటకూ వెల్లుల్లి కారంతో నా నోరు మండించింది. నేను మాత్రం వీడియోలో విన్న మాటే పట్టుకున్నాను: పాలు చాలుతున్నాయో లేదో ఏడుపు చెప్పదు, తడిసిన బట్టలు చెబుతాయి. పాలిచ్చి, ఓ కునుకు తీసి, లేవగానే పిల్ల కింద చెయ్యి పెట్టి చూసేదాన్ని. పొడి. ఎప్పుడు చూసినా పొడే. "అమ్మా, నువ్వేమన్న మార్చినవా?" అంటే, "నేనేడ మార్చిన? పొయ్యి కాడనే ఉన్న గద" అంది. ఇంట్లో బట్టలు మార్చేది మేమిద్దరమే (అనుకున్నాం). నాకు భయం పట్టుకుంది. కన్నబిడ్డ కడుపు నింపలేని తల్లినని ఒకటే ఏడుపు. డాక్టరమ్మ కూడా పాలు లేవంటే ఇక డబ్బా విప్పడమేనని, మా నాన్నతో (బాపు అంటాం) పాలు చాలట్లేదని మాత్రం చెప్పి ఆటో పిలిపించి, అందరం దవాఖానకు పోయాం.

డాక్టరమ్మ పిల్లను తూకం వేసింది. "మంచిగనే పెరిగింది. తాగుతుంటె గుటక చప్పుడు వినొస్తుందా? తాగినంక నిమ్మలంగ పంటుందా?"

"అవ్ మేడం. కానీ ఒక్క బట్టన్న తడుపుతలేదు."

"పాలు తాగక, గాలి తాగి పెరిగిందా?" అందామె.

తలుపు దగ్గర బాపు దగ్గాడు. తిన్న కంచం కూడా ఏనాడూ తీయని మనిషి. "నేనే మార్చిన మేడం. తడి మీద పంటె సలి పెడ్తదని."

అమ్మ నోరు తెరిచింది. "ఉతికిందెవరు?"

"నేనే. మిద్దె మీద ఆరేసిన."

"ముగ్గురిని కన్న. ఒక్కనాడన్న ముట్టినవా?"

బాపు ఫ్యాను వైపు చూశాడు. "అప్పుడు మా అమ్మ ఉండె. సిగ్గయితుండె."

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ, డబ్బా అక్కర్లేదని, ఇకమీద ఎవరు మార్చినా తల్లికి చెప్పమని పంపింది. వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ముసిముసిగా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం బాపు మీద ఒళ్లు మండింది. "ఒక్క మాట చెప్పొద్దా బాపూ? ఏడ్సి ఏడ్సి సచ్చిన!"

"నువ్వు పంటివి బిడ్డా," అన్నాడు బాపు, రోడ్డు వైపు చూస్తూ. "కండ్లు గుంటలు వడ్డయి. లేపబుద్ధి కాలే."

ఇప్పుడు మా అమ్మాయి ముద్ద పెట్టబోతే నన్ను ఇల్లంతా తిప్పేంత పెద్దదైంది. పొడిబట్టలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చిన ఆ పిల్లతల్లి గుర్తొస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ ఇంట్లో బాపుకు చంటిపిల్లలు ఇద్దరున్నారని పాపం ఆమెకు తెలియదు.