శాంటా తాతకు దిష్టి చుక్క

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను ఉదయగిరికి వేశారు. అప్పటికి నేను చెన్నైలోని ఒక ఎగుమతి కంపెనీలో క్వాలిటీ కంట్రోలర్‌ని, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాను. ఆ ఉద్యోగం సంగతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, పదిమంది కష్టపడి చేసిన వస్తువులో తప్పు వెతికి జీతం తీసుకునేవాణ్ణి. ఇంటికొచ్చినా ఆ బుద్ధి పోలేదని మా ఆవిడ ఫిర్యాదు. ఆమె చెప్పేది నిజమే. దోసె గుండ్రంగా రాకపోతే నాకు ఇప్పటికీ తినబుద్ధి కాదు.

ఆ ఏడాది కంపెనీకి విదేశాల నుంచి శాంటా బొమ్మల ఆర్డర్ వచ్చింది. మూరెడు ఎత్తు బొమ్మ. ఎర్ర కోటు, అంచున మగ్గం వర్క్, తెల్ల ఉన్ని గడ్డం, నల్ల బూట్లు. కోట్ల మీద కుట్టుపని ఆత్మకూరు సెంటర్‌లో జరిగేది. ముఖం కుట్టి, దూది కూరి, కోటు తొడిగి, గడ్డం పెట్టి, అట్టపెట్టెల్లో సర్దే పని ఉదయగిరిది. ఉదయగిరి సెంటర్ కొత్తది. సరుకు ఇన్‌స్పెక్షన్‌లో పాసయితే సెంటర్ ఉంటుందని, ఫెయిలయితే మొత్తం పని ఆత్మకూరుకు మార్చేస్తామని మేనేజర్ ఫోన్‌లో చెప్పాడు. ఆ మాట నేను దాచకుండా అందరికీ చెప్పేశాను.

అక్కడ లైన్ లీడర్, అంటే పని పంచి చేయించే మనిషి, కొండమ్మ. గొర్రెలు కాసుకునే ఇంటి మనిషి. అంతకుముందు కొండాపురం వైపు పొగాకు పనికి పోయేది. నీడపట్టున కూర్చుని చేసే పని ఆమెకు అదే మొదటిది. శాంటా అనే మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. తాత అనేది. ఈ ఎండల్లో తాతకు ఉన్ని కోటేందని మొదటిరోజే నన్ను నిలదీసింది. ఆయన మంచుదేశం మనిషని చెప్పాను. "అయితే ఈడికి రాకపోవడమే మేలు సార్, ఉడికి చస్తాడు" అంది.

మా పనిలో దేవుడి పటమంత విలువైనది సీల్డ్ శాంపిల్. కొనేవాళ్ళు సరేనని సంతకం పెట్టి, సీలు వేసి ఇచ్చిన బొమ్మ అది. ఒకటి మా దగ్గర, దాని జోడు వాళ్ళ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఉంటాయి. ప్రతి బొమ్మా అచ్చం దానిలాగే ఉండాలి. తేడా వస్తే డిఫెక్ట్. చిన్న తేడా అయితే మైనర్, కొన్నింటిదాకా క్షమిస్తారు. ముఖం మీద మరక కనిపిస్తే మేజర్, క్షమించరు. అందుకే వెళ్ళిన రోజే హుకుం జారీచేశాను. కాటుక, పెన్ను, పసుపు చేతులు బొమ్మల దగ్గరికి రావడానికి వీల్లేదని. కొండమ్మ ఆ మాటను తూచా తప్పకుండా పాటించింది. కొంప మునిగింది అక్కడే.

సగం పని అయ్యాక తనిఖీ చేస్తే బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. ఇక రేపోమాపో ఇన్‌స్పెక్టర్ వస్తాడనగా, సర్దేసిన పెట్టె ఒకటి తెరిచాను. శాంటా ఎడమ బుగ్గ మీద, గడ్డం అంచుకు కాస్త పైన, నల్లగా ఏదో ఉంది. చీమ అనుకుని ఊదాను. కదల్లేదు. ఇంకో బొమ్మ తీశాను. దానికీ ఉంది. పెట్టె మొత్తం కుమ్మరించాను. అందరు తాతలూ నల్లచుక్క పెట్టుకుని నావైపే చూస్తున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఏందమ్మా ఇదంతా అని కేకేశాను. కొండమ్మ తాపీగా వచ్చింది.

"దిష్టి చుక్క సార్. కాటుక తేవద్దంటిరి గదా, అందుకని నల్లదారంతో ముడికుట్టు వేసినాము. ఇంత ముద్దుగా ఉండాడు, దేశంకాని దేశం పోతా ఉండాడు. ఎంతమంది కళ్ళు పడతాయో ఏమో. ఉత్త మొగంతో ఎట్టా పంపేది?"

పసిపిల్లకు నీళ్ళు పోసి, బట్టలు తొడిగి, గడప దాటించే ముందు చుక్క పెడతారు. వీళ్ళూ అదే వరుసలో పెట్టెలో పెట్టే ముందు చుక్క కుట్టారు. అందుకే సగంలో చూసిన నా కంటికి అది దొరకలేదు. ఇలాంటి చుక్క దీనికుందా అని అరుస్తూ, గోడకు తగిలించిన సీల్డ్ శాంపిల్ తీసి ఆమె మొహం ముందు పెట్టాను.

దానికీ ఉంది.

"అందరూ చూసేది ఆయన్నే గదా సార్. అందుకని మొదట ఆయనకే పెట్టినాము" అంది.

ఒక బొమ్మకు చుక్క విప్పించి చూశాను. బుగ్గకు బొక్క పడి, తాతకు అమ్మవారు పోసినట్టయింది. అది చూశాక సంగతి అర్థమై కొండమ్మ కూలబడిపోయింది. "సెంటర్ పోతే మళ్ళా పొగాకు పనికే పోవాల సార్. ఆ ఘాటుకు నాకు దగ్గు నిలిచేది కాదు. ఏదో ఒకటి చెయ్యండి సార్" అంది. కోపం తగ్గలేదు గానీ, నాకు నిజంగా జాలేసింది.

కొలతల్లో టాలరెన్స్ అని ఒకటుంటుంది. చెప్పిన కొలతకు అటూఇటూ ఎంత తేడా వరకు ఊరుకుంటారో ఆ హద్దు. గడ్డానికి పావు అంగుళం ఉంది. గడ్డాన్ని పావు అంగుళం పైకి జరిపి కుడితే చుక్క దాని చాటుకు పోతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. కొండమ్మ మురవలేదు. గడ్డం చాటున ఉంటే చుక్క పెట్టినా పెట్టనట్టే, తాత ఉత్త మొగంతో పోయినట్టే అని అడ్డం తిరిగింది.

నీకు సెంటర్ కావాలా, చుక్క కావాలా అని గద్దించాను.

"రెండూ కావాల సార్."

మాదీ ఆ పక్కనున్న అనంతసాగరమే. మా అవ్వ చంటిపిల్లలకు బుగ్గతోపాటు అరికాలికి కూడా చుక్క పెట్టేది. అది ఎవరికీ కనపడదు, అయినా పనిచేస్తుందనే అందరి నమ్మకం. అది గుర్తొచ్చి, ఎడమ బూటు అడుగున పెట్టుకోండి తల్లీ అన్నాను. నల్ల బూటు మీద నల్లదారం, కనిపెట్టేవాడెవడు? ఆడవాళ్ళంతా ఒక్కసారిగా సూదులు అందుకున్నారు. డిఫెక్టును దాచడానికి మరో డిఫెక్టును నేనే కుట్టించడం నా సర్వీసులో అదొక్కసారే.

వచ్చిన ఇన్‌స్పెక్టర్ తమిళాయన. మాట తక్కువ, టేపు ఎక్కువ. తన దగ్గరున్న శాంపిల్‌ను బల్లమీద పెట్టుకుని, మా బొమ్మల గడ్డాలు కొలిచాడు. పైకుంది అన్నాడు. టాలరెన్స్‌లోనే ఉంది సార్ అన్నాను. తలాడించి బొమ్మను తిరగేశాడు. బూటు మీద అతని బొటనవేలు ఆగింది. ఇదేమిటన్నాడు. అది దారం ముడి అని చెబుదామని నేను నోరు తెరిచేలోపే కొండమ్మ అందుకుంది.

"దిష్టికి సార్!"

అతను ఆమెను చూశాడు, బొమ్మను చూశాడు. మీసాల్లో నవ్వాడేమో, నేను రుజువు చేయలేను. కాగితం మీద మైనర్ అని రాసి, సరుకు పాస్ చేసి, బయ్యర్ ఫైలు కోసం ఒక బొమ్మను పట్టుకెళ్ళాడు.

మరుసటి సీజన్‌కు ఆ బొమ్మే కొత్త సీల్డ్ శాంపిల్‌గా తిరిగొచ్చింది. బొమ్మలో కనపడినదంతా ఎవరో శ్రద్ధగా రాసి పంపారు. ఎడమ బూటు అడుగున నల్లదారంతో ముడికుట్టు ఒకటి, తప్పనిసరి అని కూడా అందులో ఉంది. ఆర్డర్ పెద్దది కావడంతో మేనేజర్ బొమ్మలు చేసి సర్దే పనిలో సగం ఆత్మకూరుకు ఇచ్చాడు. అది బాగా జరిగితే ఉదయగిరి సెంటర్ ఎందుకన్న ఆలోచన ఆయనకు ఇంకా పోలేదు. ఆత్మకూరు సరుకు ఉదయగిరిలో ఉన్న నా దగ్గరికే తనిఖీకొచ్చింది. కుట్టు చక్కగా ఉంది, గడ్డం కొలతకు సరిపోయింది. బూట్లు తిరగేశాను. ఒక్కదానికీ చుక్క లేదు. కొండమ్మ నా భుజం మీదుగా తొంగిచూసి, "వాళ్ళకు భయం లేదు సార్" అని నిట్టూర్చింది.

ఆ పని మళ్ళీ ఉదయగిరికే వచ్చింది, అక్కడే ఉండిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తెలిసొచ్చింది ఒక్కటే. శాంపిల్‌లో లేనిది బొమ్మలో ఉంటే తప్పు, శాంపిల్‌లో ఉన్నది బొమ్మలో లేకపోయినా తప్పే. మిగతాదంతా మన కోపం. ఆ రోజు ఆత్మకూరు సరుకును తిప్పిపంపుతూ, కారణం అన్నచోట నా చేత్తో నేనే రాశాను: దిష్టి చుక్క లేదు.