ఏ గట్టుకీ ఆనని గట్టు

అది 2018 వానాకాలం. కొల్లేరు సర్వే కోసం మా విభాగం ఏలూరులో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుంది. ఉపగ్రహాలు పంపిన చిత్రాలు చదివి, ఏది నీరో ఏది గట్టో ఏది పంటో గుర్తించి మ్యాపులు తయారుచేయడం నా ఉద్యోగం. రిటైర్మెంటు దగ్గరపడింది. కాపురం తాడేపల్లిగూడెంలో. రోజూ రైల్లో వెళ్లి రైల్లో వచ్చేవాణ్ని. డైరీ రాయడం కూడా కిటికీ పక్క సీట్లోనే జరిగేది. అందుకే ఆ ఏడాది డైరీలో అక్షరాలు ఊగుతూ ఉంటాయి.

సరస్సు హద్దుల లోపల కొత్తగా చేపల చెరువులు తవ్వకూడదు, గట్లు పోయకూడదు. దోనెల మీద తిరుగుతూ, చేపలు చిక్కే వెదురు మావులు పెట్టి, వలలు వేసి చేపలు పట్టుకునే పాతకాలపు వేటకు మాత్రం మత్స్యకారుల సంఘాలకు అనుమతి ఉంది. ఎవరైనా హద్దు లోపల గట్టు వేస్తే ఆ సంఘం అనుమతి రద్దవుతుంది. గట్లు వెతికి పట్టుకోవడం మా వంతు.

వానాకాలంలో కొల్లేటి మీద మబ్బు విడవదు. మామూలు కెమెరాకు మబ్బు తప్ప ఏమీ కనిపించదు. అందుకని రాడార్ చిత్రాలు వాడేవాళ్లం. రాడార్ తానే రేడియో తరంగాలు పంపి, కింద నుంచి వచ్చే ప్రతిధ్వని వింటుంది. మబ్బు దానికి అడ్డు కాదు. నిశ్చలంగా ఉన్న నీరు ఆ తరంగాలను అద్దంలా అవతలికి తోసేస్తుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. గట్టు, ఇల్లు, ఇనుము తెల్లగా మెరుస్తాయి. నల్లటి కొల్లేట్లో తెల్లటి గీత కనబడితే అది గట్టే అని మా లెక్క.

అలాంటి గీత ఒకటి సరస్సు దక్షిణపు అంచున, ఆకివీడు నుంచి కైకలూరు పోయే రైలు మార్గానికి ఉత్తరంగా దొరికింది. తిన్నగా, పొడుగ్గా, ఒక లంక గ్రామం సంఘానికి చెందిన వేట నీళ్ల మధ్యలో ఉంది. ఉపగ్రహం పన్నెండు రోజులకోసారి సరిగ్గా అదే వేళకు, తెల్లవారుతుండగా, ఆ చోటి మీదుగా పోతుంది. దాన్ని మేం పాస్ అంటాం. మొదటి పాస్‌లో గీత ఉంది. రెండో పాస్‌లో లేదు. మూడో పాస్‌లో మళ్లీ అక్కడే ఉంది. సర్వే ప్రత్యేకాధికారి సునీత గారు, నాకంటే బాగా చిన్నావిడ, పద్ధతిగల మనిషి, ఫైలు చూసి ఒక్క మాట అన్నారు.

"వేస్తున్నారు, మనం వస్తామని తెలిస్తే తీసేస్తున్నారు. అంతేనా అండీ?"

చిత్రం చూస్తే ఇంకెవరైనా అదే అంటారు. సంఘానికి నోటీసు వెళ్లింది.

నోటీసు అందిన మర్నాడే సంఘం అధ్యక్షురాలు సత్యవతి గారు మా మేడ ఎక్కి వచ్చారు. అరవై దాటిన మనిషి. చేతిలో ఒక స్టీలు క్యారేజీ. దాన్ని నా టేబుల్ మీద కంప్యూటర్ పక్కనే పెట్టి, చిత్రం చూపించమన్నారు. చూపించాను. తెర దగ్గరికి వంగి, గీత మీద వేలు పెట్టి కాసేపు చూశారు.

"ఇంత గట్టు పొయ్యాలంటే ప్రొక్లెయిన్ రావాలి కదండీ. మా ఊరికి ఆటోయే రాదు. ప్రొక్లెయిన్ ఏ దోనె మీద ఎక్కించుకొచ్చామంటారు?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాను. ఆవిడ మాత్రం నవ్వడం లేదు. ఆ నీళ్లు పోతే మా ఊళ్లో ఆడామగా అందరూ చెరువుల మీద కూలికి పోవాలి, దోనెలు పొయ్యిలోకి పనికొస్తాయి అన్నారు. చిత్రం అబద్ధం చెప్పదు కదా అని మా ఆఫీసులో ఒకాయన అంటే, "నిజవేనండీ. మరి నేనూ చెప్పట్లేదు" అన్నారు.

ఆవిడ వెళ్లాక క్యారేజీ విప్పితే కొర్రమీను పులుసు. నోటీసు ఇచ్చినవాళ్ల దగ్గర మేం ఏదీ పుచ్చుకోకూడదు, తప్పకుండా తిరిగివ్వాల్సిందే. కానీ అప్పటికే మెట్లు దిగి వెళ్లిపోయారు. క్యారేజీ గిన్నె మాత్రం శుభ్రంగా కడిగి పంపించాం.

ఆ సాయంత్రం రైల్లో డైరీ తెరిచి గీత గురించి రాస్తుంటే ఒక సంగతి తట్టింది. గట్టు అన్నది ఎక్కడో ఒకచోట ఇంకో గట్టుకు ఆనుకుని ఉంటుంది. లేకపోతే దాని మీదికి మనిషి ఎలా ఎక్కుతాడు, మట్టి ఎలా మోస్తాడు? ఈ గీతకు రెండు కొసలూ నీళ్లలోనే తెగిపోయాయి. ఏ గట్టుకీ ఆనలేదు. పైగా అది అటూ ఇటూ కాకుండా సరిగ్గా రైలు పట్టాలకు సమాంతరంగా ఉంది.

దెందులూరు దాటాక కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాను. రోజూ రెండుసార్లు చూసే చేలు. మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే అదే చిత్రాన్ని ఉత్తరం వైపు జరిపి దెందులూరు చూశాను. మెయిన్ లైనుకు దూరంగా, ఆ వరిచేల మధ్యలో, అచ్చం అలాంటి తెల్లటి గీతే ఉంది. అక్కడ వరి తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. గట్టు కాదు. అది రైలు.

దీన్ని కొంచెం వివరించాలి. మేం వాడే రాడార్ పేరు సింథటిక్ అపర్చర్ రాడార్. చక్కటి చిత్రం రావాలంటే చాలా పెద్ద యాంటెన్నా కావాలి. అంత పెద్దది ఆకాశంలోకి పంపలేం. అందుకని చిన్న యాంటెన్నాతోనే ఉపగ్రహం ముందుకు పోతూ పోతూ విన్న ప్రతిధ్వనులన్నీ పోగుచేసి, పెద్ద యాంటెన్నాతో విన్నట్టు కలుపుతారు. ఏ ప్రతిధ్వని దారిలో ఏ చోటు నుంచి వచ్చిందో దాని శ్రుతిని బట్టి తేలుస్తారు. మనం ప్లాట్‌ఫారం మీద నిలబడితే వచ్చే రైలు కూత సన్నగా, పోయే రైలు కూత బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే సూత్రం. అయితే ఇందులో ఒక నమ్మకం దాగి ఉంది. కిందున్నవన్నీ నిలబడి ఉన్నాయని, కదిలేది ఉపగ్రహమొక్కటేనని రాడార్ అనుకుంటుంది. కింద రైలు కూడా కదులుతుంటే దాని శ్రుతి మారుతుంది. రాడార్ ఆ తేడాను కదలిక అనుకోదు, చోటు అనుకుంటుంది. రైలును తీసుకెళ్లి పట్టాలకు కిలోమీటరు పైచిలుకు దూరంలో పెడుతుంది. పట్టాలు నిలబడే ఉన్నాయి కాబట్టి అవి మాత్రం సరైన చోటే ఉంటాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణలో ఈ పాఠం విన్నాం. గట్లు వెతికే పనిలో పడ్డాక రైళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తెల్లవారుజామున భీమవరం వైపు నుంచి పడమరకు పోయే ప్యాసింజరు ఒకటుంది. టైముకి నడిచిన రోజున ఉపగ్రహం వచ్చే వేళకు సరిగ్గా ఆ ఊరికి ఎదురుగా ఉంటుంది. ఆ రోజు సంఘం నీళ్లలో గట్టు లేస్తుంది. అలా టైముకి నడవని రోజున గట్టు లేవదు.

సునీత గారికి బొమ్మ గీసి చెప్పాను. శ్రద్ధగా విన్నారు, రెండు ప్రశ్నలు అడిగారు, రెండూ మంచి ప్రశ్నలే.

"నాకు అర్థమైందండీ. కానీ పైవాళ్లు అడిగితే గట్టు కాదు, రైలు అని చెప్పాలి. మీరైతే నమ్ముతారా?"

చేయాల్సిందేమిటో అప్పుడే తేలింది. తర్వాతి పాస్ నాడు ఉపగ్రహం వచ్చే వేళకు మేమే ఆ నీళ్ల మధ్యలో ఉండాలి. మా చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేవని అధికారి కళ్లారా చూడాలి. అదే వేళకు తీసిన చిత్రంలో మా నెత్తి మీద గట్టు కనిపించాలి. దానికి కావలసిందల్లా ఒక్కటే. రైలు టైముకి రావాలి.

సత్యవతి గారికి ఫోన్లో సంగతంతా చెప్పాను.

"అయితే మా కూడు రైలోళ్ల చేతిలో పెట్టారన్నమాట" అన్నారు ఆవిడ.

కైకలూరు రోడ్డు మీద అక్కడక్కడ నీళ్లు పారుతున్నాయని పాస్ నాడు చీకటితోనే సునీత గారి జీపు మా తాడేపల్లిగూడెం వచ్చి నన్ను ఎక్కించుకుని ఆకివీడు మీదుగా చుట్టు తిరిగింది. దారిలో ఒక ఊరి మంచినీళ్ల చెరువు. పెద్ద చెరువు. దాని గట్టు మీద టీ బడ్డీ దగ్గర ఆగాం. తూర్పున వెలుగు రేఖ పడుతోంది. చెరువు నిండుగా, కదలకుండా ఉంది. సునీత గారు టీ తాగుతూ, నీళ్లు ఎంత బావున్నాయండీ అన్నారు.

లంక దగ్గర సత్యవతి గారు దోనెలు సిద్ధంగా ఉంచారు. తాటిబొంద తొలిచి చేసిన దోనె. అడుగున కూర్చోకపోతే ఊగుతుంది. నేను నిలబడబోతే, "కూకోండి బాబుగారూ, ఇది మీ ఆఫీసు కుర్చీ కాదు" అని మందలించారు. గీత కనిపించిన చోటికి ఫోన్లో చూసుకుంటూ వెళ్లి ఆగాం. చుట్టూ నీళ్లు, గుర్రపుడెక్క, దూరంగా పక్షులు. సత్యవతి గారు గెడ నీళ్లలోకి దించి, పైకి తీసి, ఎంత తడిసిందో సునీత గారికి చూపించారు. ఆవిడ ఫోటో తీసుకున్నారు.

ఉపగ్రహం వచ్చే వేళ దగ్గరపడింది. దక్షిణం వైపు చెవులు రిక్కించి కూర్చున్నాం. కూత వినబడలేదు. పట్టాల మీద ఏమీ లేదు. ఆ వేళ వచ్చింది, పోయింది. ఆకాశంలో ఏదైనా కనిపిస్తుందేమోనని సత్యవతి గారు పైకి చూశారు, మబ్బు తప్ప ఏమీ లేదు. సునీత గారు వాచీ చూసుకుని, దోనె వెనక్కి తిప్పమన్నారు.

మేం తిరిగి లంక దగ్గరికి వచ్చి దోనె దిగుతుండగా తూర్పు నుంచి కూత వినిపించింది. రైలు తాపీగా వెళ్లింది. కిటికీల్లో జనం చేతులు బయటపెట్టుకుని కూర్చున్నారు.

"ఇన్నేళ్లలో దీన్ని లేటని తిట్టని రోజు లేదండీ. ఇవాళ తిట్టడానికి కూడా నోరు రాట్లేదు" అన్నారు సత్యవతి గారు. ఇప్పుడు చిత్రంలో ఆ చోట గట్టు ఉండదు. అధికారి వస్తున్నారని తీసేశారనే మాట పైన ఎవరో అంటారు. తిరుగు దారిలో అదే టీ బడ్డీ దాటుతుంటే మాత్రం ఒక ఆలోచన వచ్చింది. రైలు ఇక్కడికి రాలేదంటే ఎక్కడో ఉందనే కదా. ఏదైనా స్టేషన్లో ఆగి ఉంటే చిత్రంలో పట్టాల మీదే ఉంటుంది, మాకు పనికిరాదు. నడుస్తూ ఉంటే? పైకి అనలేదు. చిత్రం రాకుండా మాట ఇవ్వడం నాకు అలవాటు లేదు.

చిత్రం మా చేతికి రావడానికి రెండు రోజులు పట్టింది. సంఘం నీళ్లు నల్లగా, ఖాళీగా ఉన్నాయి. పట్టాల వెంబడి తూర్పుకు జరుపుతూ వెళ్లాను. అక్కడుంది. అదే పొడవు, అదే మెరుపు, కొసలు రెండూ దేనికీ ఆనకుండా. అది మేం టీ తాగిన మంచినీళ్ల చెరువును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా కోసుకుంటూ పక్క చేలలోకి పోయింది.

సునీత గారిని పిలిచాను. ఆవిడ తెర ముందు నిలబడ్డారు. ముందు మ్యాపులో చెరువు పేరు చదివారు, తర్వాత గీత చూశారు, తర్వాత నన్ను చూశారు.

"ఇది మనం టీ తాగిన చెరువు కదండీ?"

"అవునండీ."

"పొద్దున చూశాం, తిరిగొస్తూ చూశాం. గట్టేమీ లేదు."

"లేదండీ."

ఆవిడ కుర్చీలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. ఆఫీసులో అంత పెద్దగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. రైలు టైముకి వచ్చి ఉంటే, మీరు దోనె ఆపిన చోటు సరిగ్గా అదేనా అని ఎవరైనా అడ్డం తిరగగలిగేవారు. లేటై ఊరి మంచినీళ్ల చెరువులో కనబడేసరికి వాదించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. ఊళ్లో సగం మంది రోజూ బిందెలతో దిగే చెరువులో రాత్రికి రాత్రి గట్టు లేచిందని ఎవరంటారు? నోటీసు ఆ వారంలోనే వెనక్కి తీసుకున్నారు. దాంతో పాటు ఆవిడ ఇంకో ఆదేశం కూడా ఇచ్చారు. ఏ గీతకైనా గట్టు అని పేరు పెట్టే ముందు, పట్టాలూ రోడ్లూ ఎంత దూరంలో ఉన్నాయో చూసి రాయాలి.

సత్యవతి గారు మళ్లీ మేడ ఎక్కారు. ఈసారి క్యారేజీ తేలేదు, మొదటిసారి మీరు ఇబ్బంది పడ్డారని తర్వాత తెలిసింది అన్నారు. రెండు చిత్రాలూ ప్రింటు తీసివ్వమన్నారు. ఒకటి వాళ్ల నీళ్లలో రైలు ఉన్నది, ఇంకొకటి మంచినీళ్ల చెరువులో ఉన్నది. వాటిని సంఘం షెడ్డులో, వలలు ఆరేసే దండెం పైన అంటించారట.

రాడార్ పని అందరూ నిలబడి ఉన్నారని నమ్మి బొమ్మ గీయడం. నిలబడ్డవాళ్ల విషయంలో అది పొరపాటు పడదు. కదిలేవాళ్లను చెరపదు కూడా, తీసుకెళ్లి వేరొకరి నీళ్లలో పెడుతుంది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఉండకూడని చోట ఏది కనబడినా, ఇది ఎవరు పెట్టారు అని కాక, ఇది అప్పుడు కదులుతోందా అని ముందు అడిగేవాణ్ని. మనుషుల విషయంలో కూడా ఆ అలవాటు కొంత మిగిలింది.

రిటైరై గూడెంలోనే ఉంటున్నాను. పొద్దున్నే డైరీ ముందేసుకుని కూర్చునే వేళకు ఎప్పుడైనా ఫోన్ మోగుతుంది. పలకరింపు ఏమీ ఉండదు.

"బాబుగారూ, ఇవాళ కూడా లేటేనండీ. పాపం ఎవరి నీళ్లలో పోతందో చూడండి."