అన్ని పేజీలూ ఒకేలా ఉండాలన్నాను

ఈ రోజు పొద్దున్న మనవరాలు జ్యోతి మీద కేకలేశాను. ఈ బ్లాగు తయారుచేసి పెట్టింది అదే. ఒక్కో రకం పేజీకి ఒక్కో అలంకరణ చేసింది. మొదటి పేజీలో అక్షరాలు చిన్నవి, నేను రాసిన టపా ఏదైనా తెరిస్తే పెద్దవి, పాత టపాల పేజీకి ఇంకో రంగు. వీధి పొడవునా ఒకే రంగు వేసిన ప్లాంటు ఉద్యోగుల క్వార్టర్లలో కాపురం చేస్తున్నదాన్ని, నాకు ఈ తేడాలు నచ్చలేదు.

"ఇదేటే, పెళ్లి పందిరా? అన్నీ ఒకేలా ఉండాలి" అన్నాను. అది ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. అన్నీ ఒకేలా మార్చేసి కాలేజీకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఎదురు క్వార్టరు మరియమ్మ వచ్చింది. కంటి ఆపరేషన్ అయ్యాక ఆమె చిన్న అక్షరాలు చదవలేదు.

"ఏటక్కా, మీ రాతలు ఇవాళ చీమల్లా అయిపోనాయి? జ్యోతి నాకోసమని టపాల్లో పెద్దవి చేసింది కదా!"

జ్యోతి రాగానే, "ముందే చెప్పొచ్చు కదే" అన్నాను.

"చెప్పనిచ్చావేటి నానమ్మా? ఛోడో, పోనీలే, మళ్లీ పెద్దవి చేసేస్తాను" అంది. గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

క్షమించమని దాని ఎదురుగా అనలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను. మీ ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల్ని క్షమాపణ ఎలా అడుగుతారో చెప్పండి. ఈ హిందీ ఊళ్లో పెరిగిన జ్యోతికి హిందీ వచ్చినంతగా తెలుగు రాదు, కూడబలుక్కుని చదవాలి. అందుకే ఈ టపాకి పెద్ద అక్షరాలే ఉండనివ్వమని దానితో అన్నాను.